‘రీ’ మిగిలింది!

2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటులో ‘రీ’ మాత్రం ఏటా అందుతోంది. కాలేజీలకు పైసలకు బదులు ట్రెజరీ టోకెన్లొస్తున్నాయి. బకాయిల కోసం 2025 నవంబరు 3న తెలంగాణలో ప్రైవేటు కాలేజీలే బంద్‌కు దిగితే, సర్కారు రూ.900 కోట్ల హామీతో గేట్లు తెరిపించింది.

ఊళ్లో ఉండే బీసీ కుటుంబమైతే ఏడాది ఆదాయం లక్షన్నర దాటలేదని సర్టిఫికెట్ తేవాలి. సిరిసిల్ల దగ్గరి మరమగ్గం కార్మికుడికి, కోరుట్ల దగ్గర బీడీలు చుట్టే తల్లికి అదేం కష్టం కాదు. అసలు తంటా కోర్సయ్యాకే. ఫీజు బాకీ కడితేనే మెమో, టీసీ అంటారు కొన్నిచోట్ల. కట్టే స్తోమతుంటే ఆ ఆదాయ సర్టిఫికెట్ ఎట్లొచ్చేది?

బాకీ కట్టేందుకు జగిత్యాలలో ఇంకో దారుంది: దుబాయిలో ఉన్న అన్నకు ఫోన్ కొట్టడం.

ఆర్థిక శాఖ సార్లూ, ఇప్పుడు ఎన్నో నంబరు టోకెన్ నడుస్తోందో కాస్త చెప్పండి!