పంట లేని చెరువు

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మేం కొన్న ఇంటికి పెరట్లో స్విమ్మింగ్ పూల్ కూడా ఉంది. 15 వేల గ్యాలన్లు, మన లెక్కలో దాదాపు 57 వేల లీటర్లు. మే నుంచి సెప్టెంబరు దాకా అది పిల్లలది, వాళ్ళ స్నేహితులది, పులిహోర డబ్బాలతో దిగే చుట్టాలది. అక్టోబరు దాటాక మాత్రం అచ్చంగా నాది.

న్యూజెర్సీలో మా బావమరిది అదృష్టవంతుడు. అక్కడ చలి ముదరకముందే పైపుల్లో నీళ్ళు ఊదించేసి, పూల్ మీద పట్టా బిగించేస్తారు. మళ్ళీ ఎండ మొహం చూసేదాకా దాని ఊసుండదు. డాలస్ చలికి అంత నిలకడ లేదు. జనవరిలో ఒకరోజు చొక్కా చేతులు మడుచుకునే ఎండ, మర్నాడు తెల్లారేసరికి కుళాయి గడ్డకట్టే చలి. అందుకే ఇక్కడ చాలామంది పూల్ మూయరు. వట్టిపోయిన గేదెకు మేత వేసినట్టు, చలికాలమంతా మోటారు తిప్పుతూ, మందులు పోస్తూ గడుపుతారు.

నా ఈ సేవను వీడియో కాల్‌లో పర్యవేక్షించేది మా నాన్నగారు. ఆయనకు భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. నాకు రాత్రి 9 అయితే ఆయనకు మర్నాడు పొద్దున్న 8:30. గట్టు మీద నిలబడే మాట్లాడతారు.

చిన్న గొట్టంలో పూల్ నీళ్ళు పట్టి, ఎర్రమందు చుక్కలు వేసి, దీపం కింద రంగు చూస్తున్నాను.

"పీహెచ్ ఎంతుందిరా?"

"ఏడున్నర నాన్నా."

"బానే ఉంది. ఆల్కలినిటీ?"

"తొంభై."

"చాలదు, సున్నం చల్లు."

"దీనికి అంతే చాలు నాన్నా."

"సర్లే. పిల్ల ఎప్పుడు వేశావు?"

"ఇందులో పిల్ల వెయ్యరు. పిల్లలు దిగుతారంతే, అదీ వేసవిలో."

కాసేపు ఆలోచించారు. "మరి పట్టుబడి లేనప్పుడు ఎండగట్టెయ్యరాదూ? పంటయ్యాక మేం చెరువు ఎండగట్టడం లేదా?"

"ఎండగడితే పూలే పైకి లేస్తుంది నాన్నా. వానలు పడితే అడుగున చేరిన నీళ్ళు ఖాళీ తొట్టిని పైకి నెట్టేస్తాయి."

"అంటే, ఆ నీళ్ళు స్నానానికి కాదు, అది లేచిపోకుండా బరువు కోసమన్నమాట!"

చలికాలం వరకూ ఆ మాటకు తిరుగులేదు.

ఇక ఆకులు. ఒక్క రాత్రి గాలి వీస్తే చాలు, వీధిలో ఉన్న ఓక్ చెట్లన్నీ మా పెరటి చిరునామాకే ఆకులు పంపుతాయి. స్కిమ్మర్ మూత ఎత్తి బుట్టలో చెయ్యి పెడితే మోచేతి దాకా తిమ్మిరెక్కుతుంది. తడిసి ముద్దయిన ఆకులు, టీ రంగు నీళ్ళు, వేసవిలో ఎవరో పారేసుకున్న జడక్లిప్పు. బుట్ట దులపకపోతే మోటారుకు నీరందదు. ఉప్పు నుంచి క్లోరిన్ తీసే యంత్రం మాత్రం నీళ్ళు 15 డిగ్రీలకు చల్లబడేసరికి పని మానేస్తుంది. చలికి పాచి కూడా నెమ్మదిస్తుంది కాబట్టి దాన్నెవరూ ఏమీ అనరు. మా ఇంట్లో చలికాలం సెలవు మంజూరైంది దానికొక్కదానికే.

చలి 4 డిగ్రీల దరిదాపులకు దిగితే మోటారు దానంతటదే తిరుగుతుంది. కదిలే నీరు తొందరగా గడ్డకట్టదు కదా. కరెంటు ఉన్నంతసేపూ ఈ ఏర్పాటు బంగారం. అమెరికాలో కరెంటు పోదని మా ఊళ్ళో గట్టి నమ్మకం. 2021 ఫిబ్రవరిలో అది కాస్తా పోయింది. 16వ తేదీన డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలు. టెక్సస్‌లో లక్షల ఇళ్ళు చీకట్లో ఉన్నాయి. నాన్నగారు మాత్రం తొణకలేదు.

"జనరేటర్ వెయ్యి," అన్నారు. ఏరియేటర్లు ఆగితే రొయ్య బతకదు కాబట్టి ఆయన గట్టు మీద అది ఎప్పుడూ సిద్ధం.

"లేదు నాన్నా."

"లక్షలు పోసి చెరువు పెట్టుకుని జనరేటర్ లేదా? అయితే పైపుల్లో నీళ్ళు దించెయ్."

నీరు గడ్డకడితే 9 శాతం దాకా ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు మోటారు, ఫిల్టర్ పగలడం ఖాయం. గ్లోవ్స్ తొడుక్కుంటే ప్లగ్గు తిరగదు, విప్పితే వేళ్ళు తిరగవు. టార్చి నోట కరుచుకుని ప్లగ్గులన్నీ ఊడదీశాను. కరెంటు వచ్చినా మోటారు ఉత్తినే తిరిగి కాలిపోకుండా బ్రేకర్ కూడా కట్టేశాను.

మర్నాటికి వీధిలో చాలా ఇళ్ళల్లో కుళాయిలూ ఆగిపోయాయి. తాగడానికి సీసా నీళ్ళున్నాయి గానీ టాయిలెట్లలో పొయ్యడానికి చుక్క లేదు. అప్పుడందరికీ మా పూల్ గుర్తొచ్చింది. వేసవిలో తువ్వాళ్ళతో వచ్చినవాళ్ళే ఇప్పుడు బకెట్లతో వచ్చారు. పైనున్న మంచుపలకను పారతో పగలగొట్టి ముంచి ఇస్తున్నాను.

ఫోన్‌లో ఆ వరస చూసేసరికి నాన్నగారి మొహం వెలిగిపోయింది. "పట్టుబడి మొదలెట్టావన్నమాట! బకెట్ రేటెంత?"

"రేటేమిటి నాన్నా, ఇరుగుపొరుగు. ఊరికే ఇస్తున్నా."

"నిన్ను చదివించి మంచి పని చేశాను," అన్నారు ఆయన. "చెరువులు నీకు అప్పగించి ఉంటే, ఈపాటికి ఊరందరికీ రొయ్యల వేపుడు, మనకి బ్యాంకు అప్పు మిగిలేవి."