మొయినాబాద్ సిలబస్

పిల్లలు చెడిపోయారు. హైదరాబాద్ పక్కనున్న మొయినాబాద్ మండలంలో అందరూ ఒప్పుకునే మాట ఇదొక్కటే. హద్దురాళ్ల దగ్గర కొట్టుకునేవాళ్లు, భూరికార్డుల్లో పేరు ఎక్కలేదని కొట్టుకునేవాళ్లు, జెండాల కోసం కొట్టుకునేవాళ్లు కూడా ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి ఏకగ్రీవం. చిన్న మంగళారం ఊళ్లో ఒక చాయ్ చల్లారేలోపు ముద్దాయిల జాబితా తయారవుతుంది: ఫోను, ఇన్‌స్టా, సినిమాలు, గంజాయి, సైలెన్సర్ పీకిన బండి, తల్లిదండ్రుల గారాబం. ఈ చివరిది చెప్పేవాళ్లు ఎప్పుడూ పక్కింటి తల్లిదండ్రుల గురించే చెబుతారు.

2025 అక్టోబరులో ఈ ఏకగ్రీవానికి రుజువు కూడా దొరికింది. మండలంలోని ఓ ఫామ్‌హౌస్‌ మీద పోలీసులు రాత్రిపూట పడితే 65 మంది దొరికారు. అందులో 22 మంది మైనర్లు. ఇన్‌స్టాగ్రామ్‌లో ‘ట్రాప్ హౌస్’ అంటూ పిలుపు, తలకు 1,600 రూపాయల పాసు, లోపల విదేశీ మద్యం. పరీక్ష చేస్తే ఇద్దరికి గంజాయి తేలింది. ఇక టీవీల వాళ్లు మొహాలు మసకచేసి, గొంతులు పెంచి, సమాజం ఎటు పోతోందని ఆ రాత్రంతా అడిగారు.

సమాజం ఎటు పోతోందో చేవెళ్ల రోడ్డు మీద మర్రిచెట్ల నీడన నిలబడి చూసేవాళ్లెవరికైనా తెలుసు. శుక్రవారం సాయంత్రం అయితే ఇటే వస్తోంది, ఎస్‌యూవీల్లో.

ఆ పిల్లలు చెడిపోయారంటే నేను ఒప్పుకోను. వాళ్లు చదువుకుంటున్నారు. సిలబస్ మనది, ప్రాక్టికల్స్ వాళ్లవి.

ఈ సిలబస్‌కు పునాది 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు నీళ్లొచ్చే దారులు చెడకుండా 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నారు. నేలలో 90 శాతం విహారానికి, పరిరక్షణకు ఉండాలన్నారు. పరిరక్షణ సంగతి ఆ రెండు చెరువుల్ని అడగండి. విహారం మాత్రం అక్షరాలా అమలైంది. ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఒక సగం ఇంత నిష్ఠగా అమలైన సందర్భం మన చరిత్రలో వేరే ఉందనుకోను. రైతు అమ్ముకున్న ఎకరం చుట్టూ పది అడుగుల గోడ లేచింది. లోపల నీళ్ల కొలను, బయట ‘కుక్కలున్నవి జాగ్రత్త’ బోర్డు. 2022లో ఆంక్షలు సడలించారు, 2023లో జీవోనే ఎత్తేస్తామని మంత్రివర్గం తీర్మానించింది. అప్పటికి గోడలన్నీ లేచే ఉన్నాయి.

గోడల లోపల బోధన ఎట్లా సాగిందో చూద్దాం. మొదటి పేపరు రాజనీతిశాస్త్రం: 2022 అక్టోబరు 26 రాత్రి అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌లో నలుగురు ఎమ్మెల్యేలను కొనబోయారని కేసు. దేశమంతా ఆ బేరం వీడియోలు చూసింది. పదిహేనేళ్ల పిల్లలు కూడా చూశారు, వాళ్లకేమైనా కళ్లు లేవా? రెండో పేపరు మన సంస్కృతీ సంప్రదాయాలు: 2025 ఫిబ్రవరిలో తోల్‌కట్ట ఫామ్‌హౌస్‌లో కోడిపందేలు, 64 మంది పట్టుబడ్డారు, ఎనభైకి పైగా పుంజులు దొరికాయి. స్థలం ఓ ఎమ్మెల్సీగారిది. లీజుకిచ్చానని, లోపల ఏం జరిగిందో తనకు తెలియదని ఆయన చెప్పారు. ఇదే మాట ఓ తండ్రి తన కొడుకు గురించి చెబితే స్టేషన్లో కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇస్తారు.

పందెం దగ్గర 64, పార్టీ దగ్గర 65. పెద్దల రికార్డును చిన్నవాళ్లు ఒక్క మార్కు తేడాతో దాటారు. ర్యాంకులకు ఫ్లెక్సీలు కట్టే రాష్ట్రంలో దీనికి కట్టకపోవడం అన్యాయం.

అదే 2025 అక్టోబరులో ఇంకో పోటీపరీక్ష కూడా జరిగింది. తెలంగాణలోని 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తులు తీసుకున్నారు. దరఖాస్తుకు 3 లక్షలు, షాపు తగలకపోయినా తిరిగిరావు. 95 వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఒక్క సీసా మూత తియ్యకముందే ఖజానాకు 2,800 కోట్లు దాటి వచ్చింది. తాగడానికి చట్టప్రకారం 21 ఏళ్లు నిండాలి. రేషన్‌కి, సిమ్‌కార్డుకి, గుడి దర్శనానికి కూడా ఆధార్ అడిగే దేశంలో ఆ కౌంటర్ దగ్గర మాత్రం ఎవరూ ఏమీ అడగరు. అక్కడ పౌరుడి మీద ప్రభుత్వానికి పూర్తి నమ్మకం.

ఇట్లా అంటే ప్రభుత్వం ఏమీ చెయ్యట్లేదని కాదు. ఏటా జూన్ 26న ర్యాలీ ఉంటుంది. ఎండలో పిల్లల్ని వరసలో నిలబెట్టి, చెయ్యి చాపించి, ‘డ్రగ్స్‌కు దూరంగా ఉంటాను’ అని ప్రమాణం చేయిస్తారు. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వస్తారు. అదేరోజున 2025లో మాదకద్రవ్యాల నిరోధక విభాగానికి ‘ఈగల్’ అని కొత్త పేరు పెట్టారు. పట్టుకోవడంలో వాళ్ల చురుకుదనాన్ని తక్కువ చేయను. ఎంతసేపటికీ మన విధానమంతా పట్టుకోవడం దగ్గర మొదలై, ఫొటో దగ్గర ముగుస్తోందనే నా గోల.

ప్రమాణాలు, ఉపన్యాసాలు పనిచేస్తాయా అని ఒకరు ముందే కనుక్కున్నారు. అమెరికాలో 1983లో లాస్ ఏంజెలెస్‌లో ‘డేర్’ అని ఒక కార్యక్రమం పెట్టారు. యూనిఫారం వేసుకున్న పోలీసు బడికొచ్చి మత్తు వద్దని పాఠం చెబుతాడు. టీ షర్టులు బాగా అమ్ముడుపోయాయి. పాఠం విన్నవాళ్లనీ, విననివాళ్లనీ పోల్చిచూస్తే వాడకంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. న్యూజెర్సీలో రాహ్‌వే జైలుకు కుర్రాళ్లను తీసుకెళ్లి, యావజ్జీవ ఖైదీల చేత తిట్టించి భయపెట్టే కార్యక్రమం ఇంకోటి. దానిమీద తీసిన సినిమాకు ఆస్కార్ కూడా వచ్చింది. తర్వాత ఇలాంటివన్నీ కలిపి లెక్క తీస్తే, జైలు చూసొచ్చినవాళ్లే చూడనివాళ్లకంటే ఎక్కువ నేరాలు చేశారని తేలింది. పిల్లల్ని స్టేషన్ గోడకు ఆనించి తలలు దించి కూర్చోబెట్టి వీడియో తీసే మన పద్ధతికి ఇంకా ఆస్కార్ రాలేదు, అంతే తేడా.

పనిచేసిందీ ఒకటుంది. ఐస్‌లాండ్‌లో 1998లో 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది అంతకుముందు నెలలో ఒళ్లు తెలియకుండా తాగినవాళ్లే. 2016కు అది 5 శాతం. రోజూ సిగరెట్ కాల్చేవాళ్లు 23 శాతం నుంచి 3కు పడిపోయారు. వాళ్లు చేసిన పనుల్లో పిల్లల మెడకు తగిలింది ఒక్కటే: పదహారేళ్లలోపువాళ్లు చలికాలంలో రాత్రి పది దాటితే పెద్దవాళ్లు తోడు లేకుండా బయట తిరగకూడదు. మిగతావన్నీ పెద్దల మెడకు. మద్యం, పొగాకు ప్రకటనలు నిషేధం. 20 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మరు, అమ్మరంటే నిజంగానే అమ్మరు. బడులన్నిట్లో తల్లిదండ్రుల సంఘాలు. పెద్దలు లేని పార్టీలకు పంపబోమని, మైనర్లకు మందు కొనిపెట్టబోమని తల్లిదండ్రుల చేత సంతకాలు. ఆటకో పాటకో కట్టే డబ్బు కోసం ప్రతి ఇంటి బిడ్డకూ రాజధాని నగరపాలిక ఇచ్చే కార్డు. వీటన్నిటికీ ముందు, బడిబడికీ సర్వే. నిన్న సాయంత్రం ఎక్కడున్నావు, ఎక్కడున్నావో ఇంట్లో తెలుసా, అమ్మానాన్నలతో వారంలో ఎంతసేపు గడుపుతావు? జవాబులు కొద్దినెలల్లో ఆ ఊరికే, ఆ బడికే తిరిగొస్తాయి. ఎక్కడ తప్పుతోందో చూసుకుని అక్కడ డబ్బు పెడతారు.

మనమూ ఆటలకు డబ్బు పెట్టాం. 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణం వెలిసింది. కొన్ని ఊళ్లలో గుట్ట మీద, కొన్ని ఊళ్లలో చెరువు శిఖంలో, కొన్నిచోట్ల శ్మశానం పక్కన. రెండు ఇనుప కంబాలు, ఒక స్వాగత తోరణం. తోరణం మీద నాయకుల బొమ్మలు ఆడటానికి సిద్ధంగా ఉన్నట్టే ఉండేవి. ఎకరం కోట్లు పలికే ఈ మండలంలో చదునైన నేల పిల్లల ఆటకు వదిలేవాడిని బంధువులు ఆసుపత్రిలో చూపిస్తారు.

గోడ దూకి పార్టీకొచ్చినవాళ్లే కనిపిస్తారుగానీ, కాలేజీ గోడ లోపలే ఉండిపోయినవాళ్ల మాటేమిటి? పొద్దున ఐదుకు లేపి రాత్రి పదింటిదాకా స్టడీ అవర్ నడిపే రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో మైదానం అంటే బ్రోచర్లో ఫొటో. అక్కడ మనసు విరిగిన పిల్లల గురించి ఉమ్మడి రాష్ట్రంలో నీరదారెడ్డి కమిటీ వేశారు, తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ వేశారు. నివేదికలు బీరువాల్లో క్షేమంగా ఉన్నాయి. చివరికి విశాఖలో నీట్‌కు చదువుతున్న ఓ విద్యార్థిని మరణం సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2025 జులై 25న కోర్టే 15 మార్గదర్శకాలు రాయాల్సి వచ్చింది. వంద మంది, అంతకు పైబడి ఉన్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి, మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయకూడదు అని. ఈ రెండు వాక్యాల మీద వ్యంగ్యం రాయడం నాకు చేతకాదు. ‘స్టార్ బ్యాచ్’ ఫ్లెక్సీలు మాత్రం కోర్టు తీర్పు తర్వాత కూడా కూడళ్లలో రంగు వెలియకుండా ఉన్నాయి.

అందుకని ఐస్‌లాండ్ సర్వేను మన దగ్గర పెడితే ఎట్లుంటుందని చిన్న మంగళారంలో ఓ మాజీ వార్డు మెంబరును అడిగాను. ప్రశ్నలు చదివి వినిపించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

‘మంచిగున్నది సారూ. మరి ఇది పిల్లలకా, పెద్దలకా?’

‘పిల్లలకే పెద్దాయనా. కాకపోతే తల్లిదండ్రులు ఒప్పుకోవాలె.’

‘మీ బిడ్డ రాత్రి ఎక్కడున్నడో తెల్సా అని అడుగుతరు, అంతేనా? అట్లయితే ముందుగాల మీ నాయిన ఎక్కడున్నడో నీకు తెల్సా అని కూడా ఒక గడి పెట్టుండ్రి. శనివారం నాడు ఇక్కడ గేట్ల కాడ డ్రైవర్లు రాత్రంత చలిమంట కాగుతరు. లోపలున్నోళ్ల పిల్లలు ఏడున్నరో వాళ్లనెవ్వడూ అడగడు.’

మంచి సూచన. రాసుకున్నాను. సర్వే కాగితం మీద కాదు, యాప్‌లో ఉంటుందని, తండ్రి ఫోనుకు ఓటీపీ వస్తే అది కొట్టగానే తెరుచుకుంటుందని చెప్పాను.

ఆయన జేబులు తడుముకున్నాడు. ‘ఫోను మా పొల్లగాని కాడున్నది సారూ. ఓటీపీలన్నీ వాడే చూసుకుంటడు. అన్నీ నింపి పంపుతడు తియ్యి, మా సంతకం కూడా వానికి వస్తది.’