ఆదివారం మెకానిక్కు

ప్రతి అపార్ట్‌మెంటు సెల్లారులోనూ ఒకాయన ఉంటాడు. ఆదివారం పొద్దున్నే పాత లుంగీ, అంతకంటే పాత బనీనుతో కిందికి దిగుతాడు. చేతిలో స్పానర్ల సంచి, చెవిలో ఇయర్‌ఫోను. అందులో ఎవరో కుర్రాడు హిందీలో బ్రేకుల పాఠం చెబుతుంటాడు. ఈయనకి హిందీ రాదు. "బొమ్మ కనిపిస్తోంది కదండీ" అంటాడు.

మా సెల్లారాయన బ్యాంకు మేనేజరు. మేముండేది విజయవాడ పటమటలో. లారీకి బాడీ కట్టించాలన్నా, ఇంజను దింపి ఎక్కించాలన్నా జనం వెతుక్కుంటూ వచ్చే ఆటోనగర్ మాకు పక్కనే. అయినా ఈయన బండి ఆ గేటు తొక్కదు. కృష్ణ ఒడ్డున కాపురముండి పెరట్లో బావి తవ్వుకునే బాపతు.

ఈమధ్య ఆయన బండికి ముందు బ్రేకు పోయింది. లివరు నొక్కితే అడ్డూ ఆపూ లేకుండా వెళ్ళి గ్రిప్పుకి తగులుతుంది. డబ్బానిండా ఆయిలుంది, ఎక్కడా కారట్లేదు, ప్యాడ్లు కొత్తవి. నిజానికి ఆ కొత్త ప్యాడ్లు వేసిన రోజు నుంచే బ్రేకు లేదు. ప్యాడ్లు మార్చడానికి ఆయిలు పైపు ఊడదీయాల్సిన పనేలేదు. "ఎలాగూ విప్పాం కదా, శుభ్రం చేద్దామని" అన్నాడు. ముందు బ్రేకు లేకుండా బండి రోడ్డెక్కించడు, ఆ ఒక్క విషయంలో మాత్రం పెద్దమనిషి.

ఆటోనగర్లో టీ అందించే పిల్లాడైనా చెప్పే జబ్బు ఇది: ఎయిర్ లాక్. ఆయిలుని ఎంత నొక్కినా కుంచించుకోదు, గాలి కుంచించుకుంటుంది. లివరు దగ్గరి పిస్టను సన్నది. చక్రం దగ్గరిది దానికి రెట్టింపు వెడల్పుంటే, రెండు వేళ్ళతో నొక్కిన బలం అక్కడికి నాలుగింతలై చేరుతుంది. దారిలో కాస్త గాలి చేరిందా, మన నొక్కుడంతా ఆ బుడగని నలపడానికే సరిపోతుంది. మూడో అంతస్తులో ఉండే రిటైర్డు ఫిజిక్సు లెక్చరరుగారు పాస్కల్ సూత్రంతో సహా ఇదంతా విడమరిచి చెప్పారు. మావాడు శ్రద్ధగా విని, "అది పుస్తకం సార్, ఇది బండి" అన్నాడు.

బ్రేకు పట్టకపోతే ఆయన కారణాలు వెతకడు, కారకుల్ని వెతుకుతాడు. మొదటి ముద్దాయి ఎప్పుడూ కంపెనీయే. రెండోవాడు ఆయిలు అమ్మిన కొట్టువాడు. డబ్బా మూత మీద డాట్ 4 అని రాసుంది. 3 కంటే 4 మేలైతే 4 కంటే 5 ఇంకా మేలు కదా అని వెళ్ళి అడిగాడు. డాట్ 5 సిలికాను సరుకు, మీ బండిలోదానికి దానికి పొసగదు, 5.1 అయితే మళ్ళీ 3, 4ల వంశమేనని కొట్టు కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు. "సరుకు దాచేస్తున్నారు" అని తేల్చేసి, పాత 4 రకమే ఇంకో సీసా పట్టుకొచ్చాడు. అందులో కొంత పెట్రోలు ట్యాంకు మీద ఒలికింది. బ్రేకు ఆయిలు రంగుని తినేస్తుంది, వెంటనే నీళ్ళు పోసి కడగాలి. ఈయన సాయంత్రం కడిగాడు. ఇప్పుడక్కడ అరచేతి మేర ఇనుము కనిపిస్తోంది. దానికీ కంపెనీ వేసిన రంగుదే తప్పు.

తర్వాత మాస్టరు సిలిండరు విప్పి, లోపలి రబ్బరు కప్పుల్ని పెట్రోల్లో నానబెట్టి కడిగాడు. ఆ రబ్బరుకి పెట్రోలు పడదు. అవి ఉబ్బిపోయి, వచ్చిన చోటికే మళ్ళీ దూరమని మొండికేశాయి. కొత్త కిట్టు కొన్నాడు. పైపుని బోల్టుతో బిగించేచోట అటొకటి ఇటొకటి వాషర్లుండాలి. అంతా బిగించాక ఒకటి చేతిలో మిగిలింది. అప్పు ఫైల్లో ఒక్క కాయితం తగ్గినా వెనక్కి విసిరేసే మనిషి, ఆ వాషరుని మాత్రం "స్పేరు ఇచ్చినట్టున్నాడు" అని జేబులో వేసుకున్నాడు. బోల్టు దగ్గర ఆయిలు చెమర్చాక గానీ జేబులోంచి బయటికి రాలేదు.

అసలు వేడుక బ్లీడింగు. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన లివరు నొక్కి పట్టుకోవాలి. రెండోవారు కింద క్యాలిపరు నిప్పిలుని ఎనిమిదో నంబరు స్పానరుతో కొంచెం వదులు చేసి, గాలీ ఆయిలూ బయటికొచ్చాక మళ్ళీ బిగించాలి. ఆ తర్వాతే పైవారు లివరు వదలాలి. వరస తప్పితే పోయిన గాలి బుద్ధిగా ఇంటికొచ్చేస్తుంది. ఇంటర్ చదివే కొడుకు ట్యూషనుందని జారుకున్నాడు కాబట్టి ఇల్లాలే దిగాల్సొచ్చింది.

"నొక్కు."

"నొక్కానండీ."

"పట్టుకో."

"పట్టుకునే ఉన్నా. పొయ్యి మీద పప్పు పెట్టొచ్చాను, మాడుతుందేమో."

"వదులు."

ఆవిడ వదిలేసింది. నిప్పిలు ఇంకా తెరిచే ఉంది. గొట్టంలో కిందికి దిగిన ఆయిలు గుటకేసినట్టు పైకి పోయింది.

"ఎందుకు వదిలావ్?"

"మీరేగా వదలమన్నారు!"

"పప్పు సంగతి వదలమన్నాను!"

ఆ పూట వాళ్ళింట్లో ఎవరూ పప్పు తినలేదు.

తర్వాత ఒక్కడే లివరుని గబగబా కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టగా కొట్టగా అది కాస్త గట్టిపడేది. "పట్టింది!" అని సెల్లారంతా వినిపించేలా అరిచేవాడు. మేం మెట్లు దిగొచ్చేసరికి లివరు మళ్ళీ జావ. కొడితే గట్టిపడి, ఆగితే మెత్తబడుతోందంటే లోపల గాలి ఉన్నట్టేనని లెక్చరరుగారు గొణిగారు. ఎవరూ పట్టించుకోలేదు. గాలి పైకి పోయే జాతి. ఈయనేమో దాన్ని నిలువునా కిందికి దించి, చక్రం దగ్గర బయటికి తోసేద్దామని చూస్తున్నాడు. అదేమో పైన, లివరు పక్కన పైపు తగిలించే బోల్టు మలుపులో కాలుమీద కాలేసుక్కూర్చుంది. ఈయన చూపు ఒక్కసారైనా అటు పోతే ఒట్టు.

ఆ రాత్రి గాలివాన. బండి మీది కవరు ఎగిరిపోకుండా వాచ్‌మన్ తాడు తెచ్చి, చీకట్లో ఏది దొరికితే దానికి చుట్టేశాడు. లివరూ గ్రిప్పూ కలిపి బిగిసిపోయాయి. లివరుని అలా రాత్రంతా నొక్కి కట్టి ఉంచడం మెకానిక్కులకి తెలిసిన కిటుకే. సన్నటి బుడగలు మెల్లగా పైకి చేరి, పొద్దున తాడు విప్పగానే డబ్బాలోకి పోతాయి. అన్నిసార్లూ కాదుగానీ చాలాసార్లు పనిచేస్తుంది. ఆవేళ పనిచేసింది.

పొద్దున్నే ఆయన కవరు తీసి లివరు నొక్కాడు. రాయి. మళ్ళీ నొక్కాడు. రాయే.

"ఆయిలు సెట్టవడానికి టైము పడుతుందని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా" అన్నాడు. వాచ్‌మన్ తాడు చుట్టగా చుట్టుకుని మోటారు గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆ విజయం తర్వాత ఆయన దృష్టి మిగతా బళ్ళ మీద పడింది. ఎవరి బండి లివరు కనిపించినా ఆగి నొక్కి చూసి, పెదవి విరుస్తున్నాడు. శనివారం రాత్రయ్యేసరికి డిస్కు బ్రేకున్న బళ్ళన్నీ సెల్లారు ఖాళీచేసి వీధిలోకి చేరుతున్నాయి. డ్రమ్ము బ్రేకులవాళ్ళు మాత్రమే గుండెమీద చెయ్యేసుకుని పడుకుంటున్నారు. రెండో అంతస్తు కుర్రాడైతే తన బండిని బందరు రోడ్డులో స్నేహితుడింట్లో పెట్టొస్తున్నాడు. దానికి ఏబీఎస్ ఉందని ఈయనకి ఎవరో చెప్పేశారు.