డెక్కు వచ్చి హాలుని మింగేసింది

ఒరే అబ్బాయీ, సోఫాలో కాళ్ళు బార్లా చాపుకుని, పకోడీల కోసం ఓసారి, ఫోనొచ్చిందని ఇంకోసారి ఆపుకుంటూ చూస్తావే, దాన్ని సినిమా చూడ్డం అంటే నేనొప్పుకోను.

మాది గూడెం పక్క పల్లెటూరు. రేలంగి వెంకట్రామయ్య గారు తాడేపల్లిగూడెంలో రేలంగి చిత్రమందిర్ కట్టించారంటే మాకు సొంతిల్లు లేచినంత గర్వం. కొత్త సినిమా పడిందని మైకు కట్టిన రిక్షా ఊళ్ళోకొస్తే, అది విసిరే రంగు కాగితాల కోసం దుమ్ములో కొట్టుకునేవాళ్ళం. ఇంట్లో బతిమాలి బతిమాలి డబ్బులు రాబట్టి, కాలవ గట్టునే ఫస్టు షోకి నడక. ఘంటసాల గారి వేంకటేశ్వరుడి పాట హాలు మీంచి వినిపించిందా, ఆట మొదలెట్టేస్తున్నారని లెక్క, ఇక పరుగే. నేల టికెట్టు, గోలీసోడా, పొట్లంలో వేరుశనక్కాయలు. అంతకు మించి ఏం కావాల్రా మనిషికి?

1963లో లవకుశ వచ్చింది. నిండా రంగుల్లో తీసిన మొదటి తెలుగు సినిమా. మన కాకినాడ సి. పుల్లయ్య గారు మొదలెడితే వాళ్ళబ్బాయి సి.ఎస్. రావు గారు పూర్తిచేశారు. సీతమ్మగా వేసిన అంజలీదేవి గారిది పెద్దాపురం. బళ్ళు కట్టుకుని వచ్చారు జనం. మా నాయనమ్మ చెప్పులు బయటే విప్పేసి లోపలికెళ్ళింది. సీతమ్మని అడవిలో వదిలేసినప్పుడు నేలా బెంచీ కుర్చీ ఒక్కటై ఏడిచాయి. ఆ ఏడుపు మీ గదుల్లో ఎక్కడుంది?

తర్వాత ఎనభైల్లో వీడియో క్యాసెట్లు ఆడించే డెక్కు దాపురించింది. పెళ్ళికో పండక్కో రాత్రికి అద్దె మాట్లాడుకుని, టీవీతో సహా రిక్షాలో తెచ్చేవాళ్ళు. కట్టిన అద్దె గిట్టాలిగా, తెల్లారేలోగా నాలుగు క్యాసెట్లు తిప్పాల్సిందే! బొమ్మ మీద గీతలొస్తే మూత విప్పి, కొత్త రూపాయి నోటు మడతపెట్టి హెడ్డు తుడిచేవాడు తెచ్చినవాడు. ఇంతలో కరెంటు పోయేది. మూడో సినిమాకి అరుగు మీద సగం మంది గురక. ఏ హీరో ఏ సినిమాలో చచ్చాడో పొద్దున్న ఎవడికీ గుర్తుండేది కాదు.

మూగమనసులు కూడా అలాగే వేశారోసారి. గోదారి మీద తీసిన సినిమా అది. ఆదుర్తి సుబ్బారావు గారు 1964లో అందించారు. హాల్లో తెర నిండా పారిన గోదారమ్మ ఆ పెట్టెలో మా ఇంటెనక పంటబోదెలా కనబడింది. నాకు కడుపు మండిపోయింది.

మా అమ్మకి మోకాళ్ళు పట్టేశాక డెక్కు పుణ్యమానే సినిమాలు చూసింది, కాదనను. ఆడవాళ్ళకి వంటిల్లు సర్దుకుని హాలుకి పరిగెత్తే బాధా తప్పింది. అయినా ఆవిడే అంది, "పక్కన ఎవరూ ఏడవకపోతే నాకూ ఏడుపు రావట్లేదురా" అని.

ఇప్పుడేమో హాళ్ళు పడగొట్టి కల్యాణ మండపాలు, గోడౌన్లు చేసేశారు. మిగిలినవి ఎన్నాళ్ళుంటాయో! సినిమా ఫోన్లోనే అద్దెకిస్తారట, గడువు దాటితే మాయమైపోతుందట. ఆపుకునే వీలుండబట్టేరా, ఏదీ మీ మనసులో ఆగట్లేదు.

శనివారం గూడెం పోదాం రా. ఫోను మీ నాయనమ్మకిచ్చి మరీ రా. టికెట్టు నేనే తీస్తాను. ఇంటర్వెల్ కాకముందు కుర్చీలోంచి లేచావో, నడిపించే ఇంటికి తీసుకొస్తాను.