రోబోకి ఎన్ని పళ్లు?

పల్నాడులో తిరునాళ్లంటే ఒంగోలు గిత్తల బండలాగుడు లేకపోతే జనానికి తోచదు. గిత్తను దింపేముందు నోరు తెరిచి పళ్లు చూస్తారు. రెండు పళ్లవి ఒక విభాగం, నాలుగు పళ్లవి మరొకటి, ఆరు పళ్లవి ఇంకొకటి. ఇచ్చిన సమయంలో బండను ఎక్కువ దూరం లాగిన జతదే బహుమతి. చూడవచ్చిన పెద్దాయన గిట్టలు నేలను పట్టే తీరు చూసే ఫలితం చెప్పేస్తాడు.

ఆయన మనవడు నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదువుతూ రోబో చేస్తున్నాడనుకోండి. చెయ్యి ఎలా ఉండాలి, కెమెరా ఎక్కడ పెట్టాలి, జట్టు ఏ రంగు టీ షర్టు వేసుకోవాలి అని నెలల తరబడి చర్చ. చక్రాల మాట ఆఖరి వారంలో వస్తుంది.

2002లో టోక్యోలో మొదలైన ఏబీయూ రోబోకాన్ అనే రోబోల పోటీ 2022లో ఢిల్లీకి వచ్చింది. ఆట ఏమిటనుకున్నారు? మన ఏడు పెంకులాటే! పడగొట్టడం, మళ్లీ పేర్చడం. అంతా చేతివాటమే అనిపిస్తుంది గానీ, పెంకుల దగ్గర తిన్నగా ఆగలేని రోబోకు ఎన్ని చేతులుంటే ఏం లాభం?

నిమిషానికి 5,000 చుట్లు తిరిగే మోటారును నేరుగా చక్రానికి బిగిస్తే బండి కదలదు, మోటారు మాత్రం కమురు వాసన కొడుతుంది. 12 పళ్ల గేరుతో 60 పళ్ల గేరును తిప్పితే వేగం అయిదో వంతుకు పడిపోయి, తిప్పే బలం దాదాపు అయిదింతలవుతుంది. ఇక్కడా పళ్లు లెక్కపెట్టాకే బరిలోకి దింపాలి.

కుర్రాళ్ల మనసు మాత్రం మెకానమ్ చక్రం మీదే. 1970లలో స్వీడన్ ఇంజనీరు బెంట్ ఇలోన్ రూపొందించిన ఈ చక్రం చుట్టూ ఏటవాలు రోలర్లుంటాయి. రోబో ముఖం తిప్పకుండానే పక్కకు జరుగుతుంది. ఎదుటి రోబో తోసినా అంతే సులువుగా జరుగుతుంది!

అందుకే అమెరికా హైస్కూలు రోబో పోటీల్లో తలపండిన జట్లు చాలా కాలం ఆరు చక్రాల బండినే నమ్ముకున్నాయి. మధ్య చక్రాలు మిగతావాటికంటే సుమారు మూడు మిల్లీమీటర్లు కిందికి ఉంటాయి. ఆరూ ఒకేసారి నేలను పట్టుకోవు కాబట్టి మలుపు తేలిక. మధ్య చక్రాన్ని గేరుబాక్సు నేరుగా తిప్పుతుంది, ముందూ వెనకా వాటికి చైన్లు. చైను తెగినా బండి నడుస్తుంది.

ఇంత చేసినా పరువు తీసేది గోరంత గ్రబ్ స్క్రూ. నున్నటి షాఫ్టు మీద దాన్నొక్కదాన్నే నమ్మి చక్రం బిగిస్తే, అదురుకు వదులవుతుంది. మోటారు తిరుగుతుంది, షాఫ్టు తిరుగుతుంది, చక్రం మాత్రం అలిగిన కొత్తల్లుడే. షాఫ్టుకు గాడి తీయించి కీ కొట్టించాలి. విడి చైను లింకులు, నట్లు, అలెన్ కీ డబ్బాలో పెట్టుకోవాలి. ఆ అలెన్ కీని మాత్రం ఆట మొదలయ్యే వేళకు పక్క జట్టువాళ్లు అడిగి పట్టుకుపోయి ఉంటారు.