టోపీ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: దీపావళి దాటగానే హైదరాబాదులో కొందరికి అల్లిక మీద మనసు పోతుంది. షికాగోలో మనవడు పుట్టబోతుండడం ఒక కారణం, ఉద్యోగ విరమణ మరొకటి. మొదటి రోజే పన్నెండు రంగుల ఊలు, పెట్టెడు సూదులు కొనేసి, ఏం అల్లాలో తోచక మర్నాడు దిగాలు పడడం లోకంలో ఉన్నదే. అట్టి జిజ్ఞాసువును ఉద్ధరింపనెంచి కవి ఈ ఆటవెలదిని చెప్పుచున్నాడు. కవీ వ్యాఖ్యాతా ఒకరే కనుక మెచ్చుకోళ్లలో సగం కొట్టేసి చదువుకోవచ్చు.

సూది జతయు నొకటి, చుట్టలు నాలుగు,
దొరకు నుచిత నమున దుడ్డు లేక;
మచ్చు తునక నల్లి మరి కొను సరుకంత,
లాటు నంబ రొకటి లాభ మగును.

ప్రతిపదార్థం: సూది జతయున్ ఒకటి = అల్లిక సూదుల జత ఒక్కటే; చుట్టలు నాలుగు = ఊలు ఉండలు నాలుగు; ఉచిత నమున = వెల లేని నమూనా; దుడ్డు లేక = డబ్బు అక్కరలేక; దొరకును = లభించును; మచ్చుతునకన్ అల్లి = కొలత చూసుకొనే చిన్న ముక్కను అల్లి; మరి = అటుపిమ్మట; సరుకంత = కావలసిన ఊలంతా; కొను = కొనుము; లాటు నంబరు ఒకటి = అద్దకపు సంఖ్య ఒక్కటే అయినచో; లాభమగును = మేలగును.

నమూనాను "నమున" చేయడం ఛందస్సు కోసం. కవి డబ్బుతో పాటు దీర్ఘాలనూ ఆదా చేశాడు.

తాత్పర్యం: స్పష్టము. అయినా వ్యాఖ్యాతలు ఊరుకోరు.

విశేషాలు: "సూది జత" అన్నాడు గానీ నంబరు చెప్పలేదు. ఇక్కడే కొత్తవారి డబ్బు మొదటిసారి వృథా అవుతుంది. మన కొట్లలో ఇప్పటికీ పాత బ్రిటిష్ నంబర్లు వినిపిస్తాయి. వాటిలో అంకె పెరిగినకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా నంబర్లలో అంకె పెరిగితే సూది లావవుతుంది. బ్రిటిష్ 8 అంటే 4 మిల్లీమీటర్లు, అమెరికా 8 అంటే 5. అమెరికా నమూనా చూసి ఇక్కడ ఎనిమిదో నంబరు అడిగి తెచ్చుకుంటే తాతగారి స్వెట్టరు మనవడికి సరిపోతుంది. ఈ రెండు మతాలకూ 7 దగ్గర ఒక్కచోటే సంధి కుదిరింది: రెంటిలోనూ 4.5 మిల్లీమీటర్లే. కనుక నంబరు మాట నమ్మక, సూది మీద మిల్లీమీటర్లు చూడాలి. కొత్తవారికి 4 మిల్లీమీటర్ల జత చాలు. నీలగిరుల్లో తయారయ్యే పోనీ సూదులు తరాలుగా వాడుకలో ఉన్నవే.

సైకిలు పుల్లలతో అల్లవచ్చునని ఒక పక్షం. అల్లవచ్చు. అయితే అవి దాదాపు 2 మిల్లీమీటర్ల సన్నం. ఆ పుల్లలతో టోపీ పూర్తయ్యేసరికి చలికాలం పూర్తవుతుంది.

"చుట్టలు" అంటే పొగచుట్టలని వేరొక వ్యాఖ్య. అది అగ్రాహ్యం, అయినా నిప్పు మాట ఎత్తినందుకు దాన్ని పూర్తిగా తోసిపుచ్చం. ఊలని అమ్మేదంతా ఉన్ని కాదు, ఎక్కువభాగం అక్రిలిక్. అంగుళం పోగు కాల్చి చూస్తే తేలిపోతుంది: ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే బూడిదవుతుంది, అక్రిలిక్ కరిగి గట్టి పూస కడుతుంది. ఉన్ని ధర పెట్టి అక్రిలిక్ కొనకుండా ఉండడానికే ఈ పరీక్ష. నేర్చుకొనే చేతికి అక్రిలిక్కే మేలని మా మతం. చవక, ఉతకడం తేలిక, పదిసార్లు విప్పి అల్లినా ఓర్చుకుంటుంది.

ఇక "నాలుగు". 25 గ్రాముల ఉండలైతే నాలుగు కలిపి టోపీ. 50 గ్రాములవైతే మఫ్లరు. 100 గ్రాములవైతే చేతుల్లేని స్వెట్టరు. పింగళి సూరన రాఘవపాండవీయంలో రెండు కథలు ఇమిడ్చాడు. మన కవి ఒక్క అంకెలో మూడు వస్త్రాలు ఇమిడ్చాడు.

"ఉచిత" అని "దుడ్డు లేక" అనడం పునరుక్తి కాదా? కాదు. ఊలు కంపెనీలు నమూనాలను ఉచితంగా ఇస్తాయి, తమ ఊలు అమ్ముడుపోవాలని. నార్వే వారి డ్రాప్స్ వేల నమూనాలు అలాగే ఇస్తోంది. నమూనా ఉచితం, ఊలు మాత్రం దిగుమతి సరుకు. ఆ చిక్కు విప్పడానికే కవి రెండో మాట వేశాడు. నమూనాలో బ్రాండు పేరు వదిలేసి "10 సెంటీమీటర్లకు 22 కుట్లు, 4 మిల్లీమీటర్ల సూది" అన్న చోటు చదవాలి. ఆ లెక్కకు వచ్చే ఊలు మన వీధి మ్యాచింగ్ సెంటరులో దొరికినా అదే చాలు. ఒక్కటే జాగ్రత్త: ఎన్ని గ్రాములని కాక ఎన్ని మీటర్లని పోల్చుకోవాలి. నూలుకు బరువెక్కువ, అదే తూకానికి పొడవు తక్కువ వస్తుంది.

2007లో మొదలైన రావెల్రీ అనే అల్లికల వెబ్‌సైటులో ఉచిత నమూనాలను వేరుగా ఏరి చూపించమనవచ్చు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య హిందీ పత్రికల బునాయీ (అల్లిక) సంచికలు కనిపిస్తే బేరమాడండి. ఎవరో అమ్ముకుంటున్న నమూనాను వాట్సాప్‌లో పంచుకోవడం మాత్రం ఉచితం కిందికి రాదు, చౌర్యం కిందికి వస్తుంది.

శంక: మొదటి పాదంలో నాలుగు ఉండలు చెప్పి, మూడో పాదంలో "మరి కొను" అనడమేమి? సమాధానం: వేదంలో హోమం ముందు, జావ కాచడం తరువాత చెప్పినా, జావ లేనిదే హోమం లేదు కనుక ముందు కాచాల్సిందేనని మీమాంసకులు తేల్చారు. పాఠక్రమం కంటే అర్థక్రమం బలవత్తరం. కాబట్టి ముందు నమూనా, పిదప ఒక ఉండ, దానితో మచ్చు, ఆపైనే మిగతా మూడు. అవి అమ్ముడుపోకుండా రెండు రోజులు పక్కన పెట్టమని కొట్టువాణ్ణి అడగాలి.

మచ్చుకు ముప్పై కుట్లు వేసి, నడుమ 10 సెంటీమీటర్లలో ఎన్నున్నాయో లెక్కపెట్టాలి. అంచులు ముడుచుకొని అబద్ధమాడతాయి. 22 రావలసిన చోట 20 వస్తే, 110 కుట్ల టోపీ 50 సెంటీమీటర్లకు బదులు 55 అవుతుంది, ముక్కు మీదికి జారుతుంది. కుట్లు తక్కువొస్తే సన్న సూది, ఎక్కువొస్తే లావు సూది పట్టాలి. మచ్చుకు వాడిన ఊలు విప్పేసి మళ్లీ వాడుకోవచ్చు గనుక పోయేదేమీ లేదు.

గుర్తు రింగులు, వరుసల మీటరు వంటివి కవి చెప్పలేదు. పిన్నీసు, పెన్సిలు ఇంట్లో ఉన్నాయని ఆయనకు తెలుసు.

"లాభమగును": ఎవరికి? ఒకేసారి కొంటే లాభం కొట్టువాడిదేనని పూర్వపక్షం. కానీ ఒకే ఎరుపైనా లాటు మారితే పగటి వెలుతురులో నడుమ చార తేలుతుంది, ఆ టోపీ ఎవరూ పెట్టుకోరు. ఇది ఉత్సర్గం. అపవాదం కూడా ఉంది: లాట్లు కలవక మిగిలిన ఒంటరి ఉండలను కొట్టువాడు తక్కువకే వదిలించుకుంటాడు. ఒకే మందం ఉన్నవి నాలుగు ఏరి, కావాలనే చారల టోపీ అల్లండి. కొత్తవారికి అంతకన్నా చవకైన టోపీ లేదు.