కండిషన్ మావ

పెదబయలు సెంటర్లో ఏ పాత జీపు పక్కనైనా రెండు నిమిషాలు ఊరికే నిలబడండి. ఓనరు రాడు, డ్రైవరు రాడు. కండిషన్ మావ వస్తాడు. చేతిలో టీ గ్లాసు, చెవి మీద పెన్సిలు, భుజాన కిరసనాయిలు కంపు కొట్టే గుడ్డ. “బండి సూస్తన్నారేటి బాబూ? సూడండి. కండిషన్ బండి” అంటూ బానెట్ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేస్తాడు. దెబ్బకి ఐదువేల చొప్పున ధర పెరుగుతుంది. ఆ బండి అతనిది కాదు. అది అమ్మకానికి ఉందన్న సంగతి ఓనరుకి కూడా తెలియకపోవచ్చు.

ఇలాంటివాడు పాడేరులో ఉన్నాడు, హుకుంపేటలో ఉన్నాడు. ముంచంగిపుట్టు సంతలో అయితే ఇద్దరున్నారు, ఒకరంటే ఒకరికి పడదు. ఊళ్ళు వేరు, మనిషి ఒక్కడే. కాబట్టి చదివినవాళ్ళెవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు.

కొండల్లో జీపుకున్న మర్యాద మైదానం వాళ్ళకి తొందరగా బోధపడదు. 1947లో మహీంద్రా వాళ్ళు అమెరికాలోని విల్లీస్ కంపెనీ నుంచి విడిభాగాలు తెప్పించి బొంబాయిలో జీపులు బిగించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత కొండదారి పట్టిన ప్రతి సర్కారు శాఖకీ జీపే దిక్కయింది. ఫారెస్టు జీపు, మలేరియా జీపు, ఐటీడీఏ జీపు. సేవ చేసి చేసి అలిసిపోయిన బండ్లు వేలంలో చేతులు మారి సంత బండ్లయ్యాయి. మైదానంలో జీపు ముసలిదైతే తుక్కు కొట్టుకి పోతుంది. మా వైపు మాత్రం ముసలిదయ్యాకే కొండెక్కుతుంది. ఏజెన్సీ భూమి బయటివాళ్ళ చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది గానీ, బయటి తుక్కు ఏజెన్సీకి రాకుండా ఆపే చట్టం ఇంకా రాలేదు. ఆ సందులోనే మావ కాపురం పెట్టాడు.

మావ రాసే వాట్సాప్ ప్రకటన ఒకటి చూడండి: “కమాండర్ జీపు. సింగిల్ హ్యాండ్. షోరూమ్ కండిషన్. ఇంజన్ సైలెంట్. రూపాయి ఖర్చు లేదు, కూర్చుని తోలుకోవడమే. అర్జెంటు సేలు. టైంపాస్ గాళ్ళు ఫోన్ చేయొద్దు.” కింద నాలుగు ఫోటోలు. నాలుగూ కుడివైపు నుంచి తీసినవే. మావ తీసిన ఏ ఫోటోలోనూ ఏ బండికీ ఎడంవైపు ఉండదు. పైగా వాన వెలిసిన ఐదు నిమిషాలకి తీస్తాడు, తడి రేకు కొత్త పెయింటులా మెరుస్తుంది కదా. వెనక కాఫీ తోట, ఆ వెనక నీలం కొండ. ఒక్కోసారి ఫోటోలో బండికీ అమ్మకంలో ఉన్న బండికీ బీరకాయ పీచు సంబంధమే ఉంటుంది. “మోడలదే కదా మేస్టారూ, రంగు మనోళ్ళకి నచ్చింది ఏసుకుంటారు” అంటాడు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మావ అబద్ధం చెప్పడు. కాఫీ గింజలు అమ్మిన డబ్బు చేతిలో పట్టుకుని లోపలి ఊళ్ళనుంచి వచ్చిన కుర్రాడితో అతని బేరం వినాలి.

“మావా, సింగిల్ హ్యాండ్ అన్నావు. ఆర్సీలో నలుగురి పేర్లున్నాయి.”

“ఓనర్లు నలుగురు అల్లుడూ. డ్రైవరు ఒక్కడే. బండి తోలింది సెయ్యా, సంతకమా?”

“మీటరు నలభైరెండు వేలే చూపిస్తోంది?”

“మీటరు తిరిగినంత అది. బండి తిరిగినంత అని నానన్నానేటి?”

“బ్రేకులు?”

“కాలేసి సూడు. ఎంత సులువుగా కిందికెల్తాదో!”

కుర్రాడు కాలు వేసి చూశాడు. పెడల్ నిజంగానే సులువుగా కిందికి వెళ్ళింది. తిరిగి రావడం సంగతి కుర్రాడు అడగలేదు, మావ చెప్పలేదు.

ధరల దగ్గరికి వస్తే మావ పాండిత్యం ఇంకో మెట్టు పైన ఉంటుంది. ఎవరైనా ఒక బండికి మూడు లక్షలు అడుగుతున్నాడని వినిపిస్తే చాలు, సాయంత్రానికి అది “మూడుకి పోయింది” అవుతుంది. అడగడానికీ పోవడానికీ మధ్య ఉండే బేరం, అలక, టీలు, మధ్యవర్తి, ఆఖరికి చేతిలో పడ్డ లక్షా ఎనభై, ఇవేవీ అతని లెక్కలోకి రావు. ఒకసారి ఇక్కడ ఒక ‘మేజర్’ మోడలు జీపుకి తనే రెండున్నర అని పెట్టాడు. ఆ మెసేజీ పాడేరు గ్రూపుకి పోయింది, అక్కడెవరో మూడని దిద్దారు, అరకులో మూడున్నరయింది, వారం తిరిగేసరికి మళ్ళీ మావ ఫోనుకే వచ్చి పడింది. నన్ను నడిరోడ్డు మీద ఆపాడు. “సూసారా మేస్టారూ, అరకులో మూడున్నర పలుకుతంది. మనం సవగ్గా ఇచ్చేస్తన్నాం!” వెంటనే తన ధర నాలుగు చేశాడు. ఈ ప్రయాణంలో ఎక్కడా ఒక్క రూపాయి చేతులు మారలేదు. జీపు కూడా కదల్లేదు, దాని బ్యాటరీ ఓనరు ఇంట్లో ఉంది.

టవరు కింద సిగ్నల్ బాగా దొరకడం మొదలయ్యాక మావకి అమెరికా వేలంపాటలు అలవాటయ్యాయి. మజిల్ కార్లట. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీవోతో ఊపందుకున్న మోజు అది. మధ్యరకం ఒళ్ళు, అందులో భారీ వీ8 ఇంజన్. అప్పట్లో కుర్రకారు వీధుల్లో పందేలు వేసిన బండ్లు ఇప్పుడు వేలంలో కోట్లు పలుకుతున్నాయి. మన దేశంలో ఆ బిరుదు కాస్తో కూస్తో దక్కింది హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళ కాంటెస్సాకి. 1984 నుంచి 2002 దాకా బతికింది పాపం. పైకి కండలే గానీ మొదట్లో దాని కడుపులో ఉన్నది అంబాసిడర్‌కి వేసే 1500 సీసీ ఇంజనే. మావ దాన్ని ఒప్పుకోడు. “మజిలంటే కండ. కండున్న బండి మన కమాండరే” అంటాడు. ఘాటీలో మలుపు దగ్గర కమాండర్ ఆగిపోయినప్పుడు దిగి తోసేవాళ్ళని అడిగితే, కండ ఎవరిదో వాళ్ళు చెబుతారు.

మావని పూర్తిగా పాడుచేసింది ఒక మస్టాంగ్. 1968లో వచ్చిన ‘బుల్లిట్’ సినిమాలో స్టీవ్ మెక్‌క్వీన్ తోలిన పచ్చ బండి. 1974లో ఒక కుటుంబం దాన్ని కొనుక్కుంది. ఆ ఇంటి ఇల్లాలు టీచరు, రోజూ దాంట్లోనే బడికి వెళ్ళేది. 1977లో మెక్‌క్వీనే ఉత్తరం రాసి తిరిగి అమ్మమని అడిగాడు, వాళ్ళు ఇవ్వలేదు. 2020 జనవరి 10న ఫ్లోరిడాలోని కిసిమీలో మీకమ్ వాళ్ళ వేలంలో పెట్టారు. పాట 34 లక్షల డాలర్ల దగ్గర ఆగింది. కొన్నవాడు కట్టాల్సిన కమిషన్ కూడా కలిపితే 37 లక్షల 40 వేలు. ఆ రెండు అంకెల్లో మావ ఏది చెబుతాడో మీకు చెప్పక్కర్లేదు, దాన్ని కూడా నలభై చేసి చెబుతాడు.

అయితే మావని కుదిపేసింది ధర కాదు. ఆ బండికి కొత్త రంగు వేయలేదు, సొట్టలు తియ్యలేదు, తుప్పు తుప్పుగానే ఉంది. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదని వాళ్ళావిడే చెప్పింది. మర్నాడు షెడ్డులో ఒక జీపుకి గ్రీన్ పెయింటు కొట్టబోతున్న కుర్రాణ్ణి చెయ్యి పట్టుకుని ఆపాడు. “ఒద్దురోరి, ఒద్దు! అది ఒరిజినల్ తుప్పు!” ఇప్పుడు ప్రకటనల్లో కొత్త మాట చేరింది: “ఒరిజినల్ తుప్పుతో.” టీచరమ్మ సంగతి తెలిసాకైతే మరీ రెచ్చిపోయాడు. “ఒకే ఇంటి బండి, టీచరమ్మ తోలింది, సొట్టలున్నాయి. ఇన్నాళ్ళూ నాను రాసింది అదే కదా! ఆడికి కోట్లు, నాకు తిట్లు.”

ఆడికి కోట్లు ఎందుకొచ్చాయో నేను చెప్పబోయాను. ఆ బండి సినిమాలోదే అనడానికి ఛాసిస్ నంబరు ఉంది, పాత కాగితాలు ఉన్నాయి, మెక్‌క్వీన్ ఉత్తరం ఉంది. అక్కడ కొనేవాళ్ళు ఇంజన్ మీద నంబరూ ఛాసిస్ నంబరూ కలిశాయా, ఫ్యాక్టరీలో ఏ రంగుతో బయటికొచ్చింది, గేర్‌బాక్స్ అదేనా అని ఇంత చిట్టా అడుగుతారు. ఒక్క నంబరు కలవకపోతే ధర సగానికి పడినా పడుతుంది. మావ శ్రద్ధగా విని, “మనకీ నంబర్లున్నాయి కదేటి” అన్నాడు.

ఉన్నాయి. మావ ఛాసిస్ ప్రింటు తీసే పద్ధతి చూసి తీరాలి. ముందు చక్రం పక్కన బోర్లా పడుకుంటాడు. కిరసనాయిలు గుడ్డతో బురద, గ్రీజు, అంతకుముందు ఓనరు పూసిన పసుపు, అన్నీ తుడుస్తాడు. రేకు మీద పల్చటి కాగితం పరిచి, చెవిమీది పెన్సిలు తీసి, సీసం వాల్చి మెల్లగా రుద్దుతాడు. అంకెలు ఒక్కొక్కటీ తెల్లగా లేస్తాయి. ఆ కాసేపూ మావ మాట్లాడడు. నిజంగానే పనితనం ఉన్న చెయ్యి. చిక్కల్లా ఆ తర్వాత, లేచిన అంకెలు ఆర్సీతో కలవనప్పుడు వస్తుంది. “ఇది ఒకటి కాదు మేస్టారూ, ఏడే. కొమ్ము అరిగిపోనాది.” ఇంజన్ నంబరు సంగతి అడక్కండి. పెట్రోలు ఇంజన్ తీసి డీజిలు వేసి, ఆ డీజిలు తీసి ఇంకో డీజిలు వేసిన బండ్లవి. ఆర్సీలో రాయించని ఇంజనుకి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. మావ దృష్టిలో అది మైదానం సెక్షను.

ఇంకో బండి ఉంది, దాని పేరు “యుద్ధం బండి”. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా దాకా పోయొచ్చిన విల్లీస్ అని చెబుతాడు. యుద్ధం ముగిసింది 1945లో, ఆ జీపు నుదుటి మీదేమో మహీంద్రా పేరు. పుట్టకముందే పోరాడిన బండి లోకంలో ఇదొక్కటే. పేరు పలక మార్చొచ్చు అంటారా, ముందు రేకు జాలీలో నిలువు సందులు లెక్కపెట్టండి. యుద్ధం నాటి విల్లీస్ ఎంబీకి తొమ్మిది, తర్వాత మామూలు జనం కోసం వచ్చిన సీజేలకి ఏడు. ఈ బండికి ఏడే. మావకి చూపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, “రెండు తుప్పుకి మూసుకుపోనాయి” అన్నాడు. తుప్పుకి కన్నాలు పడడమే గానీ పూడడం నేనెక్కడా చూడలేదు.

2021లో కేంద్రం వింటేజ్ బండ్ల నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా ఉన్న బండికి ఇరవై వేలు కడితే ‘వీఏ’ అన్న అక్షరాలతో వేరే నంబరిస్తారు. మావ సంబరం అంతా ఇంతా కాదు. బామ్మర్ది జీపు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చేశాడు. నిబంధన పూర్తిగా చదివి వినిపించాను: ఆ నంబరున్న బండిని రోజువారీగా తిప్పకూడదు, అద్దెకి తోలకూడదు. ప్రదర్శన, ర్యాలీ, మరమ్మతు లాంటి పనులకి మాత్రమే రోడ్డెక్కాలి. “సంతకి?” అన్నాడు. కూడదన్నాను. లోపల ఇరుక్కున్నవాళ్ళూ, వెనక వేలాడేవాళ్ళూ, పైన పసుపు బస్తాలూ, కాళ్ళ మధ్య కోళ్ళూ అతని కళ్ళముందు కదిలినట్టున్నాయి. కాగితాలు మడిచేశాడు. “సంతకెల్లని జీపు జీపేటి మేస్టారూ!” మావ నోటినుంచి వచ్చిన అన్ని మాటల్లో నాకు అక్షరాలా నమ్మబుద్ధేసింది ఇదొక్కటే.

మావకి నిజమైన శత్రువు సర్కారు. గంజాయి కేసుల్లో పట్టుబడి పోలీస్ స్టేషన్ల ముందు ఎండకి ఎండి వానకి నానుతున్న బండ్లకి అప్పుడప్పుడు వేలం నోటీసు వేస్తారు. పాత ఆఫీసు జీపులకీ అంతే. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన సర్కారు బండ్లకి రిజిస్ట్రేషన్ పొడిగింపు లేదు కాబట్టి అవి తుక్కు కిందే లెక్క. ఆ నోటీసుల్లో రాత ఎలా ఉంటుందంటే: బ్యాటరీ లేదు, టైర్లు పనికిరావు, ఇంజన్ పనిచేయదు, యథాతథ స్థితిలో అమ్మబడును. పాడేరు నుంచి తెచ్చిన అలాంటి నోటీసు చదివి మావ తల కొట్టుకున్నాడు. “ఇదేటి రాత? అమ్ముతున్నాడా, సాపనార్థాలు పెడతన్నాడా?” నాకైతే ఏజెన్సీలో బండ్ల గురించి ఉన్నదున్నట్టు రాసిన సాహిత్యం అదొక్కటే అనిపిస్తుంది.

ఆమధ్య మళ్ళీ టవరు కింద కనిపించాడు. 2021 మే నెలలో ఇండియానాపొలిస్ వేలంలో 1971 నాటి ప్లిమత్ ‘హెమీ కూడా’ కన్వర్టిబుల్‌కి 48 లక్షల డాలర్ల పాట వచ్చిందని చూపించాడు. ఆ పాటకి ఓనరు ఒప్పుకోలేదు మావా, బండి అమ్ముడుపోలేదు అన్నాను.

“ధర ఒచ్చిందా, నేదా?”

“వచ్చింది గానీ...”

“మరింకేటి? అమ్మనోడిది తప్పు. ధరదేటి తప్పు?”

మా వైపు పాత జీపు కొనడానికి వచ్చేవాళ్ళకి నాలుగు మాటలు. వాన లేనప్పుడు రండి, పగలు రండి, ముందు ఎడంవైపు చూడండి. నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో చూసుకోండి. ఛాసిస్ ప్రింటు మావ చేతే తీయించండి, అంకెలు మాత్రం మీరే చదువుకోండి. ఎంత అడుగుతున్నారో మావ చెబుతాడు, ఎంతకి పోయిందో పక్క ఊళ్ళో కొన్నవాణ్ణి అడగండి. టీ డబ్బులు మావకివ్వండి, బయానా మాత్రం ఓనరు చేతిలోనే పెట్టండి.